ఈ దేశమా ఆ దేశమా: మీ ఇంటి లెక్కతో పోల్చుకునే పద్ధతి

ఈ రెండిట్లో ఏ దేశం బాగుంటుంది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎవరికి? పాతికేళ్ల పెళ్లికాని ఇంజినీరుకి స్వర్గంలా ఉండే దేశం ఇద్దరు చిన్నపిల్లలున్న నర్సుకి ఊపిరాడనివ్వకపోవచ్చు. వాళ్లిద్దరికీ నచ్చిన చోటే, మోకాళ్లనొప్పులతో ఉండే డెబ్భై ఏళ్ల తల్లికి నాలుగ్గోడల జైలు కావచ్చు. అయినా మనకి దొరికే పోలికలన్నీ రెండు దేశాలని రెండు మొబైల్ ఫోన్లలా పక్కపక్కన పెట్టి దీనికిన్ని మార్కులు దానికన్ని మార్కులు అని తేల్చేస్తాయి. ఆ మార్కులు అబద్ధాలేమీ కావు, కాకపోతే అవి సగటు మనిషికి వేసినవి, ఆ సగటు మనిషి మీ ఇంట్లో ఉండడు. అందుకే దేశాల సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ ఇల్లు అక్కడ ఎలా నడుస్తుంది, ఇక్కడ ఎలా నడుస్తుంది అని చూద్దాం.

ముందు ఒక కాగితం తీసుకోండి. ఎక్సెల్ తర్వాత, ముందు కాగితమే. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, ఎవరికి ఏ జబ్బుంది, ఎవరు ఏ పని చేయగలరు, ఎవరికి ఏ భాష వచ్చు, ఎవరి సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుంది, ఎవరిది చెల్లదు, ఇవన్నీ రాయండి. (డాక్టర్లు, నర్సులు, లాయర్లు, టీచర్లు చివరి దాన్ని మూడుసార్లు చూసుకోవాలి, చాలా దేశాల్లో వీళ్లకి విడిగా లైసెన్సు కావాలి, అది వచ్చేదాకా అనుభవం ఎంతున్నా లెక్కలోకి రాదు.) దాని కింద ఇంకో ప్రశ్న రాయండి: ఎన్నాళ్లు? మూడేళ్లుండి డబ్బు కూడబెట్టుకుని వచ్చేద్దామనుకునేవాళ్లకి అక్కడి పింఛను రూల్స్‌తో పనిలేదు, పిల్లల్ని అక్కడే పెంచాలనుకునేవాళ్లకి మొదటి నెల జీతం కన్నా బడి ముఖ్యం. ఈ రెండు ప్రశ్నలకి జవాబు లేకుండా ముందుకెళ్తే తర్వాత చేసే లెక్కంతా గాలిలో మేడే.

ఇప్పుడు అదే ఇంటిని మూడు కాలాల్లో ఊహించుకోండి. మామూలు నెల ఒకటి, చెడ్డ ఏడాది ఒకటి, ముసలితనం ఒకటి. చాలామంది మొదటి దాని దగ్గరే ఆగిపోతారు, అందులోనూ జీతం దగ్గరే.

మామూలు నెల

జీతాన్ని మారకపు రేటుతో గుణించి సంబరపడటం అందరం చేసే పనే, నేనూ చేశాను. మారకపు రేటు అనేది దేశాల మధ్య అటూ ఇటూ తిరిగే సరుకులు, పెట్టుబడులు, వడ్డీలని బట్టి నడుస్తుంది, దానికి మీ ఇంటి అద్దె ఎంతో, జుట్టు కత్తిరించినందుకు ఎంత తీసుకుంటారో తెలియదు. ఆ తేడాని సర్దడానికే కొనుగోలు శక్తి లెక్క ఉంది, పీపీపీ అంటారు. దేశదేశాల్లో ఒకే రకం సరుకుల, సేవల ధరలు సేకరించి పోల్చే అంతర్జాతీయ కార్యక్రమం 1968లో మొదలైంది, ఇప్పుడు ప్రపంచ బ్యాంకు దాన్ని నడిపిస్తోంది, ఆ అంకెలు బ్యాంకు సైట్లో ఉచితంగా దొరుకుతాయి. జీడీపీకి వాడేది, ఇంటి ఖర్చుకి వాడేది అని రెండు రకాలుంటాయి, మనకి కావలసింది రెండోది.

లెక్క ఇలా ఉంటుంది. ఒకే కరెన్సీలోకి మార్చాక మొదటి దేశంలో మీ జీతం 1,000, రెండో దేశంలో 3,000 అనుకుందాం. రెండో దేశంలో ధరలు రెండున్నర రెట్లుంటే ఆ 3,000 మొదటి దేశంలో 1,200తో సమానం. మూడు రెట్ల జీతం అనుకున్నది కాస్తా 20 శాతం పెంపుగా మిగిలింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలా వ్యాసాలు వదిలేస్తాయి. అక్కడ ఖర్చుపెట్టే డబ్బుకే ధరల తేడా వర్తిస్తుంది, బయటికి పంపే డబ్బుకి కాదు. ఆ 3,000లో 2,200 అక్కడ ఖర్చయి 800 సొంత దేశానికి పంపుతున్నారనుకోండి, 2,200ని రెండున్నరతో భాగిస్తే 880, పంపిన 800 మాత్రం పూర్తిగా 800, కలిపితే 1,680. అదే జీతం, అదే దేశం, కానీ అక్కడే స్థిరపడేవాళ్లకి 1,200లా, పొదుపుగా ఉండి ఇంటికి పంపేవాళ్లకి 1,680లా కనిపిస్తుంది. ఒకే ఊళ్లో ఒకే కంపెనీలో పనిచేసే ఇద్దరు ఆ దేశం గురించి వేరే వేరే మాటలు చెబుతారంటే కారణం చాలాసార్లు ఇదే.

జీతం అన్నప్పుడల్లా చేతికొచ్చేదే రాసుకోండి. అయితే పన్ను ఎక్కువున్న దేశం వెంటనే చెడ్డదైపోదు, పన్ను కట్టాక ఇంకా జేబులోంచి ఏమేం కొనాలి అనేది పక్క వరుసలో రాస్తే బొమ్మ మారిపోతుంది. డెన్మార్క్‌లో పన్నులు బాగా ఎక్కువ, కానీ అక్కడి పౌరులకి యూనివర్సిటీ ఫీజు లేదు, పైగా చదువుకునే పిల్లలకి ప్రభుత్వమే నెలనెలా భత్యం ఇస్తుంది. యూరప్ బయటినుంచి చదువు కోసం వచ్చేవాళ్లు మాత్రం ఫీజు కట్టాలి, అంటే ఇక్కడ కూడా 'ఎవరికి' అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది చూశారా. అమెరికాలో పన్ను తక్కువగా కనిపిస్తుంది, ఆరోగ్య బీమా ప్రీమియం, డే కేర్, కాలేజీ ఖర్చు విడిగా కలుపుకుంటే గానీ అసలు అంకె తేలదు. యుఏఈలో జీతం మీద ఆదాయపు పన్నే లేదు, కానీ బయటి దేశాలవాళ్లకి మామూలుగా ప్రభుత్వ పింఛనూ లేదు.

అద్దె దగ్గర ఒక్క జాగ్రత్త. యూరప్ గణాంకాల్లో, చేతికొచ్చే ఆదాయంలో 40 శాతం కన్నా ఎక్కువ ఇంటికే పోతుంటే ఆ కుటుంబం మోయలేని బరువు మోస్తోందని లెక్క, ఈ గీతని మీరూ వాడుకోవచ్చు. కానీ 'సగటు అద్దె' అని ఎక్కడైనా చూస్తే నమ్మకండి, అందులో ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల పాత అద్దెలు కూడా కలిసి ఉంటాయి. స్టాక్‌హోమ్‌లో నియంత్రిత అద్దె ఇళ్లకి క్యూ ఉంటుంది, అందులో ఏళ్ల తరబడి ఆగాలి. వియన్నాలో నగరపాలక సంస్థ ఇళ్లు ప్రపంచానికి ఆదర్శం అంటారు, నిజమే, కానీ ఆ ఊళ్లో కొంతకాలం నివాసం ఉన్నాకే వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్తగా దిగేవాళ్లకి వచ్చేది బయటి మార్కెట్ అద్దె. అందుకని గణాంకాలు మూసేసి ఈ వారం ప్రకటనల్లో మీకు సరిపోయే ఇళ్లు ఓ పది చూడండి, అడ్వాన్సు ఎన్ని నెలలదో రాసుకోండి, ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో మ్యాప్‌లో సోమవారం పొద్దున 8 గంటలకి చూడండి. ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఏ ఊరైనా చిన్నగానే ఉంటుంది.

డబ్బు తర్వాత టైం. ఇది లెక్కలోకి ఎక్కదు కానీ బతుకు నిజంగా తేడా కొట్టేది ఇక్కడే అని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఏడాదికి కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు, అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులకి అలాంటి సెలవు ఇచ్చి తీరాలనే దేశవ్యాప్త చట్టమే లేదు, కంపెనీ ఇస్తే ఉన్నట్టు. పని గంటలు కూడా చూడొచ్చు గానీ కాస్త ఆలోచించి చూడాలి. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక కూటమి) లెక్కల్లో జర్మనీలో ఒక్కొక్కరు ఏడాదికి సగటున 1,350 గంటల లోపే పనిచేస్తారు, మెక్సికోలో 2,200 గంటలకి దగ్గరగా. అంటే జర్మన్లందరూ మధ్యాహ్నానికే ఇంటికెళ్లిపోతారని కాదు, అక్కడ పార్ట్‌టైం ఉద్యోగాలు చాలా ఎక్కువ, అవి సగటుని కిందికి లాగుతాయి. మీరు ఫుల్‌టైం ఉద్యోగానికి వెళ్తుంటే ఆ సగటు మీది కాదు. అదే పద్ధతిలో ఇంటిపని కూడా రాయండి: వంట, బట్టలు, పిల్లల్ని దింపడం, తీసుకురావడం, ముసలివాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లడం. ఇక్కడ వీటిని ఎవరు చేస్తున్నారు, అక్కడ ఎవరు చేస్తారు? పనిమనిషి జీతం తక్కువగా ఉన్న దేశం నుంచి అది చాలా ఎక్కువగా ఉన్న దేశానికి వెళ్లినప్పుడు, వారానికి పదిహేనూ ఇరవై గంటలు చప్పుడు లేకుండా ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. ఆ ఎవరో ఒకరు ఎవరో మీకూ తెలుసు.

చెడ్డ ఏడాది

పైన చేసిన లెక్కంతా అందరూ ఆరోగ్యంగా, ఉద్యోగంలో ఉన్నప్పటిది. ఇప్పుడు ఉద్యోగం పోయింది, అదే ఏడాది ఇంట్లో ఒకరికి ఆపరేషన్ పడింది అనుకుని మళ్లీ మొదట్నుంచి లెక్క వేయండి. రెండు దేశాల మధ్య అసలు తేడా కనపడేది ఈ కాగితం మీదే, అందుకే దీనికి ఎక్కువ టైం ఇవ్వమంటాను.

మొదట చూడాల్సింది: ఉద్యోగం పోతే దాంతోపాటు ఇంకేమేం పోతాయి? కొన్ని చోట్ల జీతం ఒక్కటే పోతుంది. కొన్ని చోట్ల బీమా పోతుంది, వీసా పోతుంది, ఇల్లు కంపెనీదైతే ఇల్లూ పోతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయాక ఇంకో ఉద్యోగమో ఇంకో దారో చూసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, చాలామందికి ఆరోగ్య బీమా వచ్చేది కూడా ఆ ఉద్యోగం ద్వారానే. అదే వీధిలో, అదే జీతంతో, అదే కంపెనీలో పనిచేసే పౌరుడికి ఈ 60 రోజుల గొడవే లేదు. ఇద్దరూ బతుకుతున్నది ఒకే దేశంలోనా అంటే కాగితం మీద అవును. కాబట్టి ఏ జీవన ప్రమాణాల సూచికలోనూ కనపడని వరుస ఒకటి మీ షీట్లో పైనే పెట్టుకోండి: నా హోదా ఏంటి, అది దేనితో ముడిపడి ఉంది, శాశ్వత నివాసం ఎన్నేళ్లకి వస్తుంది, భార్యకో భర్తకో పనిచేసే అనుమతి ఉందా.

నిరుద్యోగ భృతి ఉంది అని చదవగానే ఊపిరి పీల్చుకోకండి, ఎన్నాళ్లు పనిచేశాక ఇస్తారో చూడండి. జర్మనీలో అసలైన నిరుద్యోగ భృతి రావాలంటే గత 30 నెలల్లో కనీసం 12 నెలలు నిరుద్యోగ బీమా చందా కట్టి ఉండాలి. వెళ్లిన ఎనిమిదో నెలలో లేఆఫ్ అయితే ఆ గొప్ప వ్యవస్థ మీ కిటికీ బయట ఉన్నట్టే. ప్రసూతి సెలవు కూడా ఇదే తీరు. స్వీడన్‌లో ఒక్కో బిడ్డకి తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల వేతన సెలవు. అమెరికాలో కేంద్ర చట్టం హామీ ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో ఏడాది పనిచేశాకే. ఈ షరతులన్నీ ప్రభుత్వ సైట్లలోనే ఉంటాయి, బోర్ కొడుతుంది, అయినా చదవండి.

వైద్యానికి మూడు అంకెలు చాలు. బీమా ఉన్నా ఏడాదికి గరిష్ఠంగా జేబులోంచి ఎంత పోవచ్చు, అత్యవసరం కాని ఆపరేషన్‌కి ఎన్నాళ్లు ఆగాలి, ఇప్పటికే ఉన్న జబ్బుని బీమా తీసుకుంటుందా లేదా. ఇంటి బడ్జెట్లో 10 శాతం కన్నా ఎక్కువ వైద్యానికి పోతే అది కుటుంబాన్ని కుంగదీసే ఖర్చు అని ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో ఏళ్ల తరబడి కొలిచారు, ఆ కొలత చేతిలో పెట్టుకోండి. ఉచిత వైద్యం ఉన్న చోట రోజులు ఆగాలి, డబ్బిచ్చి చేయించుకునే చోట రేపే చేస్తారు కానీ బిల్లు చూసి గుండె ఆగొచ్చు. మీ ఇంట్లో ఉన్నది దీర్ఘకాలం మందులు వాడే జబ్బా, అప్పుడప్పుడు వచ్చే జ్వరమా అనేదాన్ని బట్టి ఏది మేలో తేలుతుంది. ఆ మందు అక్కడ దొరుకుతుందా, ప్రిస్క్రిప్షన్ ఎవరు రాయాలి అని కూడా ముందే కనుక్కోండి.

ముసలితనం

దీని గురించి ముప్ఫై ఏళ్ల వాళ్లు వినరు కాబట్టి చిన్నగా చెబుతాను. పింఛను రావాలంటే కనీసం ఎన్నేళ్లు చందా కట్టాలి? అమెరికా సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల పని. జర్మనీలో కనీసం ఐదేళ్లు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటే ఇక్కడి ఏళ్లు అక్కడ కలుస్తాయి, లేకపోతే రెండు చోట్లా అరకొరగా మిగులుతాయి. యుఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు, మిగతాది ఎవరికి వారు దాచుకోవాల్సిందే. మీ తల్లిదండ్రుల సంగతి కూడా ఈ కాగితం మీదే రాయండి: వాళ్లని తీసుకెళ్లే వీసా ఉందా, ఉంటే ఎన్ని నెలలు, వాళ్ల వైద్యం ఎవరు భరిస్తారు, లేదంటే ఏదైనా జరిగిన రాత్రి మీరు ఎన్ని గంటల్లో వాళ్ల దగ్గరికి చేరగలరు.

సూచికల్ని ఎలా చదవాలి

ఇంతదాకా మీ ఇంటి అంకెలు. ఇక దేశాల అంకెలకి వద్దాం. వీటిని పక్కన పడేయమనట్లేదు, ఏది దేన్ని కొలుస్తుందో తెలుసుకుని వాడమంటున్నాను.

తలసరి జీడీపీతో బతుకు కొలవొద్దని చెప్పింది దాన్ని వ్యతిరేకించేవాళ్లు కాదు, జాతీయాదాయ లెక్కలకి రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్సే, 1934లో అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలోనే ఆ హెచ్చరిక ఉంది. అది ఎంత దారి తప్పగలదో చూడాలంటే ఐర్లాండ్ చాలు. 2015లో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని మొదట ప్రకటించారు. పెరిగింది జనం సంపాదన కాదు, పెద్ద బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లలాంటి ఆస్తులని పుస్తకాల్లో ఐర్లాండ్‌కి మార్చుకున్నాయి, అంతే. తర్వాత ఐర్లాండ్ గణాంక శాఖే ఇలాంటివి తీసేసి సవరించిన జాతీయాదాయం అని వేరే అంకె ఇవ్వడం మొదలుపెట్టింది.

మానవాభివృద్ధి సూచిక 1990లో వచ్చింది, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ముందుండి తెచ్చారు, అమర్త్య సేన్ సాయం చేశారు, ఇంత పెద్ద విషయాన్ని ఒక్క అంకెలో చెప్పడమేంటని సేన్ మొదట ఒప్పుకోలేదు కూడా. అందులో ఉండేవి ఆయుర్దాయం, చదువు, ఆదాయం, అంతే. అద్దె లేదు, గాలి లేదు, భద్రత లేదు, సెలవు లేదు. రెండు దేశాలకి 0.90, 0.92 అని ఉంటే ఆ రెండు పాయింట్ల తేడా మీ జీవితంలో ఏమీ కాదు, 0.60కీ 0.90కీ తేడా మాత్రం చాలా చెబుతుంది. అసమానతని లెక్కలోకి తీసుకుని సవరించిన రూపం కూడా ఉంది, కుదిరితే అదే చూడండి.

ఆదాయాల్లో సగటు కన్నా మధ్యగతం నయం, అంటే అందరినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి ఆదాయం. ఒక గదిలో పదిమంది ఉంటే, అందులోకి ఒక కోటీశ్వరుడు నడిచొస్తే సగటు ఎగిరిపోతుంది, మధ్యలో ఉన్నవాడి జేబు మాత్రం అలాగే ఉంటుంది. ఇక డబ్బుకీ ఆయుష్షుకీ కూడా నేరుగా ముడిలేదు. కోస్టారికా తలసరి ఆదాయం ధరల తేడా సర్దినా అమెరికాలో సగం ఉండదు, అయినా అక్కడి ఆయుర్దాయం అమెరికాతో సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంటూ వచ్చింది.

నేరాల పట్టికలు మాత్రం జాగ్రత్త. దొంగతనాలు, లైంగిక నేరాల అంకెలు జనం ఎంత ధైర్యంగా ఫిర్యాదు చేస్తారు, పోలీసులు ఎలా లెక్కిస్తారు అనేదాన్ని బట్టి మారిపోతాయి. స్వీడన్‌లో ఒకే వ్యక్తి మీద పలుమార్లు జరిగిన అత్యాచారాల్ని దేనికదే విడి కేసుగా రాస్తారు, చట్టంలో నిర్వచనం కూడా విశాలం, అందుకే అంకె పెద్దదిగా కనపడుతుంది. దేశాల మధ్య కాస్త నమ్మకంగా పోల్చగలిగేది లక్ష జనాభాకి హత్యల సంఖ్య, శవాన్ని దాచడం కష్టం కాబట్టి. దాంతోపాటు రోడ్డు ప్రమాదాల మరణాలు చూడండి, దీన్ని ఎవరూ చూడరు, కానీ చాలా దేశాల్లో హత్యల కన్నా ఇవే ఎక్కువ. అంకెలు చూశాక ఆ ఊళ్లో ఉండే ఒక ఆడమనిషిని రాత్రి పదింటికి ఒంటరిగా బస్సెక్కుతావా అని అడగండి.

గాలికి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి, ఏడాది సగటు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దుని ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించింది. దేశం అంకె కాదు, ఊరి అంకె చూడాలి, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే చలికాలం నెలలు విడిగా చూడాలి. బడుల విషయంలో పీసా పరీక్షలు ఉన్నాయి, ఓఈసీడీ 2000 నుంచి 15 ఏళ్ల పిల్లలకి పెడుతోంది. 2018లో చైనా మొదటి స్థానంలో వచ్చింది అని అందరూ రాశారు, పరీక్ష రాసింది చైనా మొత్తం కాదు, బీజింగ్, షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్ మాత్రమే. పట్టిక కింద చిన్న అక్షరాలు చదవండి అనేది అందుకే.

సంతోషం పట్టికలో ఫిన్లాండ్ 2018 నుంచి 2025 దాకా ప్రతి ఏడాదీ మొదటి స్థానం. అక్కడ అడిగేది 'నవ్వుతూ ఉన్నావా' అని కాదు, 0 నుంచి 10 దాకా ఒక నిచ్చెన ఊహించుకుని నీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పమంటారు. అంటే అది సంబరం కన్నా స్థిమితానికి దగ్గర. డిసెంబరు చివరి వారాల్లో హెల్సింకిలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు, ఎండ లేకపోతే మనసు బాగుండని వాళ్లకి ఆ మొదటి స్థానం ఏ సాయమూ చేయదు.

నివసించడానికి మేలైన నగరాలు అని వచ్చే జాబితాల్లో పేరున్నది మెర్సర్ అనే సలహా సంస్థ సర్వే, దాని అసలు ఉద్దేశం, విదేశాలకి పంపే ఉద్యోగులకి ఎంత భత్యం ఇవ్వాలో కంపెనీలు తేల్చుకోవడం. కంపెనీ ఖర్చుతో వెళ్లే మేనేజరుకి పనికొచ్చేది మీకు పూర్తిగా పనికిరాకపోవచ్చు. నంబియో లాంటి సైట్లలో ధరలు జనమే నింపుతారు, పెద్ద నగరాలకి ఫరవాలేదు, చిన్న ఊరికి నలుగురు నింపితే అదే సగటు. ర్యాంకులని మరీ గుడ్డిగా నమ్మేవాళ్లకి ఒక్క మాట: వ్యాపార సౌలభ్యం ర్యాంకులని ఏటా ఇచ్చిన ప్రపంచ బ్యాంకే, అంకెల్లో అవకతవకలు బయటపడ్డాక 2021లో ఆ నివేదికని ఆపేసింది. నాకు వీటన్నిట్లో నచ్చింది ఓఈసీడీ 2011లో తెచ్చిన బెటర్ లైఫ్ ఇండెక్స్, అందులో ఇల్లు, ఆదాయం, పర్యావరణం లాంటి 11 అంశాలకి ఎంత బరువివ్వాలో మీరే ఎంచుకోవచ్చు, అంటే ఎవరికి అన్న ప్రశ్నని వాళ్లు కూడా ఒప్పుకున్నట్టే.

మనుషుల్ని అడగడం

అంకెలయ్యాక మనుషులు. అక్కడ ఉన్నవాళ్లనే అడిగితే అంతా బాగుందంటారు, నచ్చనివాళ్లు ఎప్పుడో వచ్చేశారు కాబట్టి. తిరిగొచ్చేసినవాళ్లనే అడిగితే తాము వచ్చేయడం ఎంత మంచి నిర్ణయమో చెప్పుకుంటూ పోతారు. ఇద్దర్నీ అడగండి, మీలాంటి ఇల్లే ఉన్నవాళ్లని అడగండి. ఎలా ఉంది అని మాత్రం అడగొద్దు, దానికి జవాబు 'బాగుంది' తప్ప ఏమీ రాదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పు అనండి. పోయిన నెల దేనికి ఎంత ఖర్చయింది అనండి. చివరిసారి ఒంట్లో బాగోలేనప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎన్నాళ్లు పట్టింది, పక్కింటివాళ్ల పేరు తెలుసా, నీ పేరు చూసో రంగు చూసో అద్దెకివ్వని వాళ్లు ఎదురయ్యారా, ఆదివారం ఎవరింటికి వెళ్తావు. ఆఖరి ప్రశ్నకి చాలాసేపు ఆలోచిస్తే అదీ ఒక జవాబే.

తూకం

ఇప్పుడు ఎక్సెల్ తెరవండి. వరుసలు పన్నెండు దాటొద్దు, నేను మొదటిసారి నలభై పెట్టి దేనికీ అర్థం లేకుండా చేసుకున్నాను. మార్కులు వేయకముందే ఏ వరుసకి ఎంత బరువో రాసేయండి, తర్వాత రాస్తే మనసులో ముందే గెలిచిన దేశం గెలిచేలా బరువులు మారుస్తాం, తెలియకుండానే మారుస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి షీట్ వాళ్లే నింపాలి, ఒకరిది ఇంకొకరు చూడకుండా.

కొన్నిటికి మార్కులు వేయకూడదు, అవి ఉంటే వెళ్తాం లేకపోతే లేదు అనేవి. బిడ్డకి కావలసిన ప్రత్యేక బడి, ఒకరి మందు, ఇద్దరికీ పని అనుమతి, ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. అవి తప్పిన దేశానికి మిగతా పదకొండిట్లో పదికి పది వచ్చినా పక్కన పెట్టేయాలి.

మొత్తం వచ్చాక అద్దెని 20 శాతం పెంచి, జీతాన్ని 20 శాతం తగ్గించి చూడండి. అప్పుడూ అదే దేశం ముందుంటే నమ్మొచ్చు. తారుమారైతే రెండూ దాదాపు సమానమని అర్థం, అలాంటప్పుడు ఇంక అంకెలతో కుస్తీ పట్టడం అనవసరం. కుదిరితే వెళ్లి రెండు వారాలుండి రండి, టూరిస్టుగా కాదు, మామూలు ఇంట్లో అద్దెకుండి, మీరు వెళ్లబోయే ఆఫీసు దారిలో రద్దీ టైంలో ప్రయాణం చేసి, ఆ ఊళ్లో అందరూ తిట్టుకునే నెలలో. చలి దేశమైతే జనవరి, ఎండ దేశమైతే మండే కాలం.

ఇద్దరి షీట్లూ పక్కపక్కన పెట్టినప్పుడు మొత్తాలు పోల్చొద్దు, ఏ వరుసలో ఇద్దరి మార్కులకీ అన్నిటికన్నా ఎక్కువ తేడా ఉందో వెతకండి, ఆ రాత్రి మాట్లాడుకోవాల్సింది ఆ వరుస గురించే. షీట్ పైన తేదీ వేసి దాచండి. నిర్ణయం అయిపోయినా టికెట్లు కొనేముందు వీసా, పన్ను, బీమా వరుసలు మూడూ మళ్లీ ఒకసారి ప్రభుత్వ సైట్లలో సరిచూసుకోండి, ఏడాదిలోపే మారిపోయేవి ముఖ్యంగా అవే.